ఆకురసం ఎవరికి పనిచేసింది?

ఆ ఉదయం బ్యాటరీ మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య ఇచ్చిన ఆకురసాన్ని ఎవరి కంటా పడకుండా పారబోసి, హాయిగా టీ తాగడం.

పాపం, ఆవిడ తప్పేముంది! పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు లేరని ఇద్దరికీ బెంగ. పాత బ్యాటరీల్లోని సీసం ఒంట్లో చేరి వీర్యకణాలను దెబ్బతీస్తోందని డాక్టరమ్మ తేల్చింది. ఆకుల్లోని యాంటీఆక్సిడెంట్లు ఆ దెబ్బను అడ్డుకుంటాయట, ఎలుకల్లో చూశారట అని ఈవిడ ఎక్కడో చదివింది. అంతే, మిక్సీకి నిద్ర కరువైంది.

"ఎలుకలకి నాలుక ఉండదా ఏంటే?"

"ఉంటుంది. మీలా సణగవు, అంతే. తాగండి!"

బాటిల్లో పోసిచ్చిన రసాన్ని షాపు వెనక పారబోస్తుండగా పక్క షాపు వెల్డరు చూడనే చూశాడు.

"ఏంటి గురూ అది?"

"ఒంటికి బలంలే," అన్నాడు మెకానిక్ నోటికొచ్చింది.

బలం అన్న మాట వినగానే వెల్డరు బాటిల్ లాక్కుని గటగటా తాగేశాడు. ఆ రోజు నుంచి రసం అతని వాటా అయింది.

"తాగారా?" అంది భార్య సాయంత్రం.

"తాగకేం! సబ్బుతో చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, బయట బెంచీ మీద కూర్చుని మరీ తాగా."

ఆవిడ మురిసిపోయింది. కొత్త సబ్బు, వేరే చొక్కా కొనిచ్చి, రోజూ మధ్యాహ్నం వీడియో కాల్ చేయడం మొదలుపెట్టింది. ఇక చచ్చినట్టు చేతులు కడుక్కోవాలి, చొక్కా మార్చుకోవాలి, భోజనం కూడా బెంచీ మీదే. రసం వేళకు ఫోను ఆకాశం వైపు తిప్పేవాడు. బెంచీ కింద కూర్చుని గుటకల చప్పుడు వెల్డరు చేసేవాడు.

కొన్ని నెలలకు డాక్టరమ్మ ఇద్దరి రిపోర్టులూ చూసి నవ్వింది. "ఈయనది బాగా మెరుగైంది. నువ్వు తల్లివి కాబోతున్నావమ్మా!"

"నా రసం!" అంటూ భార్య బావురుమంది. ఆ ఏడుపు చూసి మెకానిక్ ఆగలేకపోయాడు. తనూ ఏడుస్తూ జరిగిందంతా కక్కేశాడు.

"అయితే సబ్బే మిమ్మల్ని కాపాడింది," అంది డాక్టరమ్మ. "చేతులు కడుక్కుని, షాపు బయట తిన్నారుగా. సీసం లోపలికి పోవడం తగ్గింది."

"మరి నా రసం ఏమైనట్టు?" అంది భార్య కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడే తలుపు తెరుచుకుంది. వెల్డరు, వెనకే అతని భార్య. అతను తల పట్టుకున్నాడు.

"గురూ, నాకు ఇప్పటికే ముగ్గురు పిల్లలు కదా, ఇప్పుడు నాలుగోదా!"

రసం మహిమో, కాదో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయింది. వెల్డరు మాత్రం ఇప్పుడు ఆ బాటిల్ కనిపిస్తే చాలు, ముఖానికి వెల్డింగ్ అద్దం అడ్డం పెట్టుకుంటున్నాడు.