గైడ్ సారు ఇంట్లో ఉగాండా టీచరు

నేను ఇరవై రెండేళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నాను. మాట్లాడింది మాత్రం ఎన్నడూ లేదు. ఈ చిన్న తేడాను అడ్డం పెట్టుకుని నా ఉద్యోగం, నా పరువు ఇంతకాలం కాళ్లు చాపుకుని హాయిగా పడుకున్నాయి.

మునగాల దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊరి హైస్కూలు మాది. పాఠంలో ఒక లైను చదువుతాను, తెలుగులో అర్థం చెబుతాను, జవాబు గైడ్‌లోంచి బోర్డు మీదికి ఎక్కిస్తాను. పిల్లలు నాకు గైడ్ సారు అని పేరు పెట్టారు. అసలు పేరు సాంసన్. బైబిల్లో సమ్సోను బలమంతా జుట్టులో ఉంది, నా బలమంతా గైడ్‌లో ఉంది.

జూన్‌లో బడి తెరిచిన రోజే హెడ్మాస్టరు సత్యనారాయణ గారు నా నెత్తిన పిడుగు వేశారు. ఆయనది కోదాడ. ఎంత పిడుగైనా మర్యాదగా వేస్తారు.

"విదేశం నుంచి ఒక వాలంటీర్ టీచరు గారు వస్తున్నారండి. ఆరు నెలలు ఉంటారు. ఇంగ్లిష్ క్లాసుల్లో మన సాంసన్ గారితో పాటు కూర్చుంటారు. వారు ఉండటానికి ఎవరింట్లోనైనా ఒక గది కావాలి."

స్టాఫ్‌రూంలో అందరూ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టారు. నేను 'సాంసన్ గారితో పాటు' దగ్గరే ఆగిపోయాను. పక్కన కూర్చుంటే ఆరు నెలలు అక్కర్లేదు, ఆరు నిమిషాల్లో నా గుట్టు రట్టవుతుంది.

అంతలో ఉపాయం తట్టింది. సూర్యాపేటలో మా ఇంటి మీద ఒక రేకుల గది ఉంది. ఎండకాలం అందులో అప్పడాలు నూనె లేకుండా వేగుతాయి. ఆ విదేశీ మనిషిని అందులో పెడితే వారం తిరక్కుండా విమానం ఎక్కుతుంది. చెయ్యెత్తాను. తోటి టీచర్లు నన్ను త్యాగమూర్తిని చూసినట్టు చూశారు.

ఇంట్లో నా భార్య కృపారాణి మాత్రం అలా చూడలేదు.

"గా రేకుల గదిల మనిషి ఉంటదా?" అని అడిగింది.

"ఉంటే ఉంటది, లేకుంటే పోతది."

"ఉండాల్నని పెడుతున్నవా, పోవాల్నని పెడుతున్నవా?"

"అతిథి మర్యాద, కృపా."

"మిర్యాలగూడ నుంచి మా అమ్మ వచ్చినప్పుడు గీ మర్యాద యాడికి పోయింది?"

జవాబు గైడ్‌లో లేదు కాబట్టి చీపురు పట్టుకుని పై గదికి వెళ్లాను.

బస్టాండుకు వెళ్తూ మూడు రోజులు బట్టీ పట్టిన స్వాగత వాక్యాన్ని దారంతా గొణుక్కున్నాను. ఎండ తగలగానే సొమ్మసిల్లే తెల్లటి సన్నపాటి అమ్మాయి దిగుతుందని నా ఊహ. నా పథకమంతా ఆ ఊహ మీదే కట్టాను. దిగింది యాభై అయిదేళ్ల నల్లటి, నిబ్బరమైన మనిషి. పేరు గ్రేస్ అచాన్. ఉగాండాలో గులు అనే ఊరు. ముప్పై ఏళ్లు పల్లెటూరి పిల్లలకు చదువు చెప్పి వచ్చిన మనిషి. ఆమె నవ్వుతూ చెయ్యి చాపగానే నా వాక్యం ఎగిరిపోయింది.

ఆమె ఏదో అడిగారు. "యెస్" అన్నాను. ఇంకేదో అడిగారు. దానికీ "యెస్" అన్నాను.

మొదటిది "ఇల్లు దగ్గరేనా?" అనీ, రెండోది "అయితే నడుద్దామా?" అనీ తర్వాత తెలిసింది. మిట్టమధ్యాహ్నం, రెండు కిలోమీటర్లు, ఆమె పెట్టె నా నెత్తిన. ఇంటికి చేరేసరికి సొమ్మసిల్లింది నేను.

రేకుల గది చూసి గ్రేస్ గారు మురిసిపోయారు. వాళ్ల బడి కప్పు కూడా రేకులేనట. "ఈడ ఫ్యాను గూడ ఉన్నదని సంబరపడుతుంది" అని కృపారాణి నాకు అర్థం చెప్పింది. కృపారాణి మిర్యాలగూడలో ఇంటర్ దాకా చదివింది. ఆమెకు అర్థమైంది నాకు ఎందుకు కాలేదని ఎవరూ అడగలేదు, దేవుని దయ.

రెండో అస్త్రం కారం. "గోంగూరలో మిరపకాయలు దండిగా వెయ్యి" అని భార్యకు చెప్పాను. గ్రేస్ గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ అది కారం వల్ల కాదట. వాళ్ల ఊళ్లోనూ ఇలాంటి పుల్లటి ఆకునే పల్లీల ముద్దతో వండుకుంటారట, వాళ్లమ్మ గుర్తొచ్చిందట. కృపారాణికీ కళ్లు చెమర్చాయి. ఇద్దరూ కలిసి గిన్నె ఖాళీ చేశారు. అదే కూర తిన్న నేను రెండు రోజులు కడుపు పట్టుకుని తిరిగాను.

మూడో అస్త్రం దోమలు. పై గదిలో దోమల మందు తీసేశాను. మర్నాడు పొద్దున ఆమె పార అడిగి తీసుకుని మా ఇంటి వెనక మోరీలోకి దిగారు. వెనకాలే కృపారాణి. పది నిమిషాల్లో వాడకట్టు ఆడవాళ్లంతా తట్టలతో వచ్చారు. ఏడేళ్లుగా నిలిచిన మురుగు మధ్యాహ్నానికి కదిలి పారింది. సూర్యాపేటలో దోమలు లేని మోరీ మాదొక్కటే అయింది.

వారం తర్వాత నేను భయపడిన రోజు వచ్చింది. గ్రేస్ గారు పదో తరగతిలో చివరి బెంచీ మీద కూర్చుని నా పాఠం విన్నారు. నేను లైను చదివాను, అర్థం చెప్పాను, బోర్డు నింపాను. గంట కొట్టాక ఆమె లేచి, నాకు కూడా అర్థమయ్యేంత నెమ్మదిగా అన్నారు: "చాలా మంచి తెలుగు క్లాసు. ఇంగ్లిష్ క్లాసు ఎప్పుడు?"

ఆమెది ఎగతాళి కాదు. నిజంగానే అడిగారు. పిల్లలు నవ్వితే బాగుండేది. వాళ్లు నవ్వకుండా నా మొహం చూశారు. మొదటి బెంచీలో దీప అనే అమ్మాయి ఉంది. వాళ్లమ్మ నాట్లు వేసి చదివిస్తోంది. ఆ పిల్ల వరండాలో నా వెనకే వచ్చి మెల్లగా అడిగింది:

"సార్, మీకు ఇంగ్లిష్ వస్తదా?"

"ఎందుకమ్మా?"

"మీకే రాకపోతే మాకెట్ల వస్తది సార్?"

ఇరవై రెండేళ్లలో ఎంతమంది దీపలు నా ముందు నుంచి వెళ్లిపోయారో లెక్క వేయబోయి భయమేసి మానేశాను. మంచివాడైతే అక్కడ బుద్ధి తెచ్చుకునేవాడు. నేను ఉత్తరం రాశాను.

గ్రేస్ గారిని పంపిన సంస్థకు. గైడ్‌లో సెలవు చీటీ నమూనా ముందు పెట్టుకుని, ఆమెకు ఇక్కడ కుదరడం లేదు, ఇంటి మీద బెంగ పెట్టుకుంది, వెంటనే వెనక్కి పిలవండి అని మూడు సాయంత్రాలు కష్టపడి రాశాను. కవరు కృపారాణి చేతికిచ్చి, "పోస్టులో వెయ్యి. బడి కాయితం" అన్నాను.

"బడి కాయితమా?" అంది.

"ఆఁ."

"సరే" అంది. అంత తొందరగా ఆమె సరే అనడం పెళ్లయ్యాక అదే మొదలు. నాకు అనుమానం రావాల్సింది.

నెలకు జవాబు వచ్చింది. సత్యనారాయణ గారు స్టాఫ్‌రూంలో అందరి ముందూ చదివి అర్థం చెప్పారు. "సాంసన్ గారి ఉత్తరం వారిని కదిలించిందటండి. ఆయన కోరినట్టే గ్రేస్ గారిని ఇంకో ఏడాది ఉంచుతున్నారట. ఇంగ్లిష్ మాట్లాడటం రాదని ఒక ఇంగ్లిష్ టీచరు ఇంత నిజాయితీగా ఒప్పుకుని, నేర్పమని అడగడం వారు ఎక్కడా చూడలేదట."

తోటి టీచర్లు చప్పట్లు కొట్టారు. నేను కుర్చీ కోసం తడుముకున్నాను.

ఇంటికి ఎలా చేరానో తెలియదు. కృపారాణి వాకిట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"ఉత్తరం ఏం జేసినవ్?" అన్నాను.

"పదకొండు తప్పులున్నయ్. దిద్దుకుంట పోయిన. ఆఖరికి చూస్తే మతలబే తప్పనిపిచ్చింది. దాన్ని గూడ దిద్దిన."

"నీకు ఇంగ్లిష్ ఎప్పుడొచ్చింది?"

"నువ్వు బడికాంచి వచ్చి పండుకున్నప్పుడు, ఇన్నేండ్లు నీ గైడ్లే చదువుకుంట. ఇప్పుడు దినాం పైకి పోయి గ్రేసమ్మ కాడ కూసుంటున్న."

"నా పరువు తీసినవ్ కృపా."

ఆమె చేతిలోని కాయ పక్కన పెట్టింది. "ఇంటర్ల నాకు ఇంగ్లిష్ పోయింది. ఇంగ్లిష్ సారుతోని పెండ్లంటే ఇంట్లనే నేర్సుకుంటనని మస్తు సంబరపడ్డ. నువ్వు ఒక్క ముక్క చెప్పలే. మొదట్ల నా మీద ఇష్టం లేదేమో అనుకున్న. రాదని తెల్వనీకి ఏడాది పట్టింది."

"తెలిసీ ఇన్నేండ్లు అడగలేదా?"

"అడిగితే నొచ్చుకుంటవని."

ఆమె కోప్పడి ఉంటే తట్టుకునేవాణ్ని. ఎన్నో ఏళ్లు నా గుట్టును ఆమె నాకంటే భద్రంగా దాచింది. మెట్ల మీద కూలబడ్డాను.

పై నుంచి గ్రేస్ గారు దిగి వచ్చి నా పక్కనే కూర్చున్నారు. ఒక ప్రశ్న వేశారు. కృపారాణి నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. రెండోసారి అడిగారు, మూడోసారి అడిగారు. మూడోసారికి నాకు అర్థమైంది: "మీకేం చెప్పాలని ఉంది?"

నా చేతిలో పుస్తకం లేదు. ముందు బోర్డు లేదు.

"ఐ యామ్ అఫ్రెయిడ్" అన్నాను. నాకు భయంగా ఉంది.

ఇద్దరు ఆడవాళ్లూ నవ్వలేదు. వాక్యంలో ఒక్క తప్పు కూడా లేదని గ్రేస్ గారు అన్నారు.

"ఇగ రెండోది చెప్పు" అంది కృపారాణి, చిక్కుడుకాయల చాట నా వైపు జరుపుతూ. "చెప్పేదాక ఈనెలు తియ్యి."

చాట మొత్తం అయిపోయింది. కూర పొయ్యి మీదికి వెళ్లింది. నేను ఇంకా మెట్ల మీదే రెండో వాక్యం వెతుక్కుంటూ ఉన్నాను.