గుండెల హాల్లో కరెంటు తుపాకీ

కరెంటు తుపాకీ అంత సాధుజీవి ఈ భూమ్మీద మరొకటి లేదు! నమ్మరా? మామూలు తుపాకీకి గుండు కావాలి. ఇది గుండు ముట్టదు. శుద్ధ షాకాహారి! పాపం, ఎదుటివాడి గుండెతోనే సరిపెట్టుకుంటుంది. కరెంటు పోతే తిట్టే జనం, కరెంటు వచ్చినా తిడుతున్నారంటే ఏమనాలి?

మా ఆవిడ తమ్ముడు ఓ పెద్దాసుపత్రిలో గార్డు. గుండె జబ్బుల విభాగం బయట, రోగులు కూర్చునే హాల్లో డ్యూటీ. అక్కడ గొడవలెక్కువయ్యాయని యాజమాన్యం అతని చేతికి ఈ తుపాకీ ఇచ్చింది. అప్పటిదాకా ఆ చేతిలో ఉన్నది ఈల. ఎంత ప్రమోషన్!

ట్రైనింగులో నేలమీద పరుపు పరిచారు. అటొకడు, ఇటొకడు మావాడి రెక్కలు పట్టుకున్నారు. వీపు మీద షాకిచ్చారు. కొయ్యబొమ్మలా బిగుసుకుపోయి, పరుపు మీదికి మెత్తగా వాలాడు.

"చూశారా, ఎంత సేఫో!" అన్నాడు ట్రైనరు.

నిజమే కదా! కాబట్టి గొడవ చేయదలచుకున్న వారు ఇకమీదట ఒక పరుపునూ, ఇద్దరు మిత్రులనూ వెంట తెచ్చుకోవాలి. మెట్ల మీదో, తడి గచ్చు మీదో నిలబడి గొడవచేసి, తల పగిలాక ఆయుధాన్ని ఆడిపోసుకుంటే ఎలా?

జాగ్రత్తలూ చెప్పారు. ముసలివాళ్ళ మీద వద్దు, గర్భిణుల మీద వద్దు, గుండె జబ్బున్నవాళ్ళ మీద అసలే వద్దు.

"మరి మా హాల్లో గుండె జబ్బు లేనిది డాక్టర్లకే గదండీ. వాళ్ళ మీద వాడమంటారా?" అన్నాడు మావాడు.

"నీ ఉద్యోగం నీకు బరువైందటయ్యా?" అని కసిరాడు, ట్రైనింగు చూడ్డానికొచ్చిన ఆసుపత్రి సూపరింటెండెంటు.

ఆ వారంలోనే ఓ పెద్దాయన కౌంటరు అద్దం బాదాడు. వెనక కుర్చీలో ఆయన భార్య ఊపిరందక ఒరిగిపోయి ఉంది.

"పొద్దున్నుంచీ వస్తున్నారు, వస్తున్నారు అంటారు! ఇది పోయాక వస్తాడా మీ డాక్టరు?"

"నొక్కవయ్యా, చూస్తావేంటి!" అని అరిచాడు సూపరింటెండెంటు.

మావాడు తుపాకీ ఎత్తాడు. నొక్కితే ఈయన ఏమవుతాడో, నొక్కకపోతే తన కొలువు ఏమవుతుందో!

"బాబాయ్, నీకు గానీ గుండె జబ్బుందా?"

"పొద్దున లేదు నాయనా. ఇప్పుడైతే చెప్పలేను."

హాలంతా ఘొల్లున నవ్వింది. మావాడు తుపాకీ దించేసి, ఆయనకు కుర్చీ లాగి వేశాడు. సాయంత్రానికి ఉద్యోగం ఊడింది.

ఊడదా మరి? షాకిచ్చే ముందు అడుగుతారా ఎవరైనా? మనిషి పడ్డాక కదా గుండె సంగతి చూడాలి! "ముందునుంచే బలహీనంగా ఉంది" అని రాయడానికి అప్పుడేగా వీలు!

కొత్త గార్డు వచ్చాడు. బంగారం! ప్రశ్నలే వేయడు. చేరిన రోజే ఒకాయనకు కరెంటు రుచి చూపించాడు. ఆయన్ని టోకెను కూడా అడగకుండా నేరుగా ఐసీయూలోకి తీసుకెళ్ళారు. ఆ ఆసుపత్రిలో అంత చురుకైన సేవ ఎప్పుడైనా ఎరుగుదుమా?

ఇప్పుడా హాలు ఎంత ప్రశాంతం! అందరూ నోళ్ళు మూసుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చుంటున్నారు. డాక్టరుగారు ఎప్పుడొస్తారని అడిగేవాడే లేడు.

అందుకని ఆయన రావడమే మానేశారు.