హ్యాండ్‌బ్యాగులో పట్టే ధైర్యం

పిల్లలున్న ప్రతి ఇల్లాలూ హ్యాండ్‌బ్యాగులో ఒక పిస్తోలు పెట్టుకునే గడప దాటాలి. ఈ మాట నేను ఆషామాషీగా అనడం లేదు. దువ్వెన లేకుండా బయటికి వెళ్ళవచ్చు. కళ్ళజోడు మరిచిపోయి వెళ్ళవచ్చు. మొగుణ్ణి సోఫాలో వదిలేసి కూడా వెళ్ళవచ్చు. పిస్తోలు లేకుండా సంతకు వెళ్ళే తల్లిని చూస్తే మాత్రం నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆవిడకి అసలు తన పిల్లల మీద ప్రేమ ఉందా?

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. హైస్కూలు అయ్యీ అవ్వగానే ఎల్డన్‌ని చేసుకున్నాను. అయినా భయపడటంలో మాత్రం ఎవరికీ తీసిపోను. మా ఓక్లహోమాలో అందుకు దేవుడు ఏ లోటూ చెయ్యలేదు. సుడిగాలి వస్తే దూరడానికి పెరట్లో నేలమాళిగ ఉంది. తోక గలగలలాడించే పాము వస్తే షెడ్డులో పార ఉంది. చర్చి భోజనాల్లో బంగాళాదుంప సలాడ్ ఎండకి కాస్త వెచ్చబడితే, ఎవరు చేసిందని చూడకుండా పారబోసే బాధ్యత ఆడవాళ్ళంతా నాకే అప్పగించారు. ఇక మిగిలింది మనుషులే.

ఎల్డన్ చమురు బావుల మీద పని చేస్తాడు, వెళితే వారాల తరబడి రాడు. మా ఒక్కగానొక్క కొడుకు టక్కర్ వెల్డింగు నేర్చుకోవడానికి టల్సాలో ఉంటున్నాడు. వీలు చిక్కిన శనివారం పెరటి తలుపు తోసుకుని వచ్చేస్తాడు. వాడు వచ్చేసరికి వండిపెట్టడానికి తల్లి ప్రాణాలతో ఉండాలా, వద్దా? నా కోరిక అంతే. బిడ్డ ఇంటికి రావాలి, ఎదురుగా నేనుండాలి. దీనికి మించిన స్వార్థం నాకు లేదు.

ఇలా ఉండగా పక్కింటి వాండా వాళ్ళ వరండాలో బాతు పోయింది.

నిజం బాతు కాదు, సిమెంటుది. వాండా దానికి కాలానికో గౌను కుట్టి తొడుగుతుంది. అప్పుడు వానాకాలం కాబట్టి పసుపు రెయిన్‌కోటు వేసి ఉంది. రెయిన్‌కోటు వేసుకున్న సిమెంటు బాతునే వదలని దొంగ, నన్ను వదులుతాడా? వాండా వచ్చి నా వంటింట్లో కూలబడి, ఇంక ఈ ఊళ్ళో ఆడదానికి రక్షణ లేదని తేల్చేసింది. బాతుకి ముక్కు రంగు వెలిసిందని వాళ్ళాయనే పట్టుకెళ్ళాడని తర్వాత తెలిసింది. అప్పటికే నేను తుపాకుల కొట్లో ఉన్నాను.

కొట్టతను రస్టీ చాలా మర్యాదస్థుడు. పెళ్ళి గౌను కొనబోతే లేసులు చూపించినట్టు ఒక్కొక్కటీ గుడ్డ మీద పరిచి చూపించాడు. ముందుగా ఎక్కడ దాచుకుంటారని అడిగాడు. పిండి డబ్బా వెనకాలని చెప్పాను.

"ఇంట్లో కాదు మేడమ్. ఒంటి మీద."

పాతికేళ్ళ కాపురంలో ఎల్డన్ కూడా అడగని సంగతులు ఆ మనిషి అడిగాడు. బిగుతు ప్యాంట్లా, వదులువా? వంగగలరా? చెమట పడుతుందా? ఎడమ వైపు పడుకుంటారా? తుపాకీ కొనడమంటే ఇనుప ముక్క కొనడం అనుకునేవాళ్ళు అమాయకులు. అది పెళ్ళి సంబంధం లాంటిది. ముందు మన లోపాలన్నీ బయట పెట్టుకోవాలి.

నడుముకి కట్టుకుంటే నిలబడినప్పుడు బాగానే ఉంది, కూర్చుంటే పొట్టలో పొడిచింది. కాలి మడమ దగ్గర కట్టుకోవచ్చన్నాడు. నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. నేను అక్కడిదాకా వంగేలోపు దొంగే జాలిపడి చెయ్యందిస్తాడు. జాకెట్టు లోపల పెట్టుకునే ఒర కూడా ఉందట. చర్చిలో అవసరం పడితే పాస్టరుగారి ముందు దాన్ని ఎలా తియ్యను? ప్రాణం పోయినా పరవాలేదు కానీ ఆ పని నా వల్ల కాదు. అందువల్ల హ్యాండ్‌బ్యాగు ఖాయమైంది. పక్కన దొంగ జిప్పు ఉన్న ప్రత్యేకమైన బ్యాగు. చూసిన ప్రతివాళ్ళకీ అది దేనికో తెలుసు. ఎవరూ అడగరు. మా ఊళ్ళో దాచుకోవడం అంటే ఇదే!

ఇక తుపాకీ. పైభాగాన్ని వెనక్కి లాగి వదిలితే తూటా ఎక్కే రకం ఒకటి చూపించాడు. రెండు చేతులతో లాగాను. ఊపిరి బిగబట్టి లాగాను. కదల్లేదు. రస్టీ రెండు వేళ్ళతో లాగేశాడు. ఊరగాయ సీసా మూత తియ్యలేకపోతే ఎల్డన్‌ని పిలుస్తాను, బాగానే ఉంది. ఎల్డన్ ఊళ్ళో లేనప్పుడు దొంగకిచ్చి, బాబ్బాబూ, కొంచెం ఇది లాగిపెట్టమని అడగనా?

అప్పుడు రస్టీ బల్ల కింద నుంచి ఆడవాళ్ళ రకం తీశాడు. లేత ఊదా రంగు పిడి, అరచేతిలో ఇమిడిపోయే రివాల్వరు. మా ఊరి మగవాళ్ళకి ఆడవాళ్ళ తుపాకీల గురించి ఒకటే నమ్మకం: ఆడదాని చెయ్యి చిన్నది కాబట్టి తుపాకీ కూడా చిన్నదై ఉండాలి. క్రిస్మస్‌కి పెళ్ళాలకి ఇదే కొనిస్తారు. తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తంతుందని కొన్నాక తెలుస్తుంది. బరువున్న తుపాకీ ఆ తన్నును తనే మింగుతుంది, తేలికది మన మణికట్టుకి వదిలేస్తుంది. మా ఊరి ఆడవాళ్ళంతా దాన్ని ఒక్కసారి పేల్చి, చేతికి ఐసు కట్టుకుని, మళ్ళీ పేల్చడం మానేశారు. నేనూ అంతే. ట్రిగ్గరు కూడా బిగుతు. అలా ఉంటేనే పొరపాటున పేలదని రస్టీ భరోసా ఇచ్చాడు.

ఇది లోపం అంటారా? నేను ఒప్పుకోను. తుపాకీ అన్నాక భయం పుట్టించాలి. కొనుక్కున్న నాకే దాన్ని చూస్తే గుండె దడ. ముక్కూమొహం తెలియని దొంగ సంగతి ఇక చెప్పాలా?

దీనివల్ల మా ఊరికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు. పూర్వం చర్చిలో ఆడవాళ్ళం ఒకరినొకరు గట్టిగా వాటేసుకునేవాళ్ళం. లిప్‌స్టిక్కులు అంటుకునేవి, జలుబులు అంటుకునేవి. ఇప్పుడు ఎవరికి ఎక్కడ ఏముందో తెలియదు కనుక పక్కకి తిరిగి, భుజం ఆనించి, వీపు మీద తట్టి వదిలేస్తున్నాం. నిరుడు మా చర్చిలో జలుబులు బాగా తగ్గాయి. ప్రార్థనలో కళ్ళు మూసుకోవడం కూడా తగ్గింది. అందరూ దేవుణ్ణి అరకన్నుతో వేడుకుంటున్నారు.

మా ఊరి హోటల్లో తలుపుకి ఎదురుగా ఉండే కుర్చీలకే గిరాకీ. వచ్చేవాణ్ణి కనిపెట్టాలని, తుపాకీ కొన్నవాళ్ళకి పెట్టే క్లాసులో నేర్పారు కదా. మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చునే రోజులు పోయాయి, ఒకే వైపు పక్కపక్కన కూర్చుని తలుపు వంక చూస్తూ తింటున్నారు. బయటి ఊరివాళ్ళు చూసి, ఇక్కడి దంపతులు ఎంత అన్యోన్యంగా ఉన్నారో అనుకుంటారు. కాదనడమెందుకు?

నిజాయితీ కూడా పెరిగింది. ఒక ఆదివారం వాండా చర్చి బాత్రూములో టిష్యూ పెట్టె మీద తన తుపాకీ మరిచిపోయింది. తర్వాత లోపలికి వెళ్ళినావిడ దాన్ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చి, చెవి దిద్దు దొరికినట్టు "ఇది నీదేనా వదినా?" అంది. వాండా చూసి, కాదు, నాది కాస్త పాతబడిందని చెప్పి, బ్యాగు తడుముకుని, అయ్యో నాదేనంది. ఈ కాలంలో పోయిన వస్తువు తెచ్చి ఇచ్చేవాళ్ళు ఎక్కడున్నారు?

ఇంట్లో కూడా నేను చురుకయ్యాను. వెనక ఫ్రిజ్జు గుర్రుమంటే ఫ్రిజ్జు అనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరది అని అడుగుతున్నాను. చేతిలో ఆయుధం ఉన్నప్పుడు దానికి తగ్గ శత్రువు కూడా ఉండాలి కదా. లేకపోతే కొన్నదంతా దండగ.

ఆ శత్రువు ఒక శనివారం మిట్టమధ్యాహ్నం వచ్చాడు.

వాండా ఇంట్లో బెండకాయలు కోసి పెట్టి వస్తున్నాను, టక్కర్ వస్తే వేయించి పెడదామని నా వాటా కూడా తెచ్చుకున్నాను. పెరటి తలుపు తీసి ఉంది. వంటింట్లో ఒక మగవాడు. అటు తిరిగి, ఫ్రిజ్జులో తల దూర్చి ఉన్నాడు. మాసిన పని కోటు, టోపీ, పక్కనుంచి చూస్తే గడ్డం. సమయం వస్తే చేతులు వాటంతట అవే కదులుతాయని క్లాసులో చెప్పారు. కదిలాయి. జిప్పు వచ్చింది, పిప్పరమెంట్లు వచ్చాయి, కూపన్లు వచ్చాయి, చివరికి ఒక టిష్యూ అంటించుకుని తుపాకీ వచ్చింది. నేను రెండు చేతులతో పట్టుకుని, కదలొద్దన్నాను.

ఆ మనిషి కదల్లేదు. వెనక్కి తిరగలేదు. చేతులు రెండూ పైకెత్తి, వేళ్ళన్నీ విడదీసి, అరచేతులు ఖాళీ అని కనిపించేలా పెట్టాడు. ఎంత చక్కగా పెట్టాడో! ఒకటో తరగతి నుంచీ బళ్ళో ఏడాదికి రెండుసార్లు నేర్పుతారు, ఎవరైనా తుపాకీతో వస్తే ఏం చెయ్యాలి, పోలీసులు తలుపు తీస్తే చేతులు ఎలా పెట్టుకుని బయటికి రావాలి అని. ఇంటికొచ్చి నాకు చేసి చూపించేవాడు. పాఠాలు ఊరికే పోవని అప్పుడు తెలిసింది.

నోట్లో చల్లటి కోడికాలు ఉంది. దాన్ని కింద పడేసి, గోడకి చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు:

"అమ్మా. నేనే. గడ్డం పెంచాను."

చూశారా, నా ఎంపిక ఎంత గొప్పదో! అదే పెద్ద తుపాకీ, మెత్తటి ట్రిగ్గరు ఉన్నదైతే ఏమయ్యేది? నేను ట్రిగ్గరు నొక్కానా, లేదా అని మీరడుగుతారు. నాకు గుర్తులేదు. ఆ సాయంత్రం చూపుడు వేలు బాగా సలిపింది. బెండకాయలు కోసినందువల్ల అనుకుంటున్నాను.

ఎల్డన్‌కి ఫోను చేసి చెప్పాను. అలా దొంగలా రావడమేమిటని ఎల్డన్ కొడుకుని కేకలేసి, ఒక పద్ధతి పెట్టాడు. మా ఊళ్ళో చాలామంది ఇళ్ళల్లో ఉన్నదే. రోడ్డు మీద పోస్టు డబ్బా దగ్గర బండి ఆపాలి. ఫోను చెయ్యాలి. రమ్మన్నాక ముందు గుమ్మంలోంచి రావాలి. వాండాతో చెప్పి నేను కాస్త కళ్ళు తుడుచుకుంటే నన్ను దులిపేసింది.

"మా అల్లుడైతే హారన్ కొట్టి, దిగి, టోపీ తీసి నిలబడతాడే. నీ కొడుకేమన్నా గవర్నరా?"

నిజమే. తర్వాతి శనివారం ఫోను మోగింది. పోస్టు డబ్బా నా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. బండిలో వాడు నాకు కనబడుతున్నాడు, నేను వాడికి కనబడుతున్నాను.

"అమ్మా, డబ్బా దగ్గరున్నాను. రావచ్చా?"

"రా నాన్నా."

"బ్యాగు ఎక్కడుంది?"

"బీరువాలో."

వచ్చాడు. గడ్డం తీసేసుకున్నాడు. కుర్చీ అంచున కూర్చుని, పెట్టింది తిని, చాలా బాగుందమ్మా అన్నాడు. ఫ్రిజ్జు తియ్యవచ్చా అని అడిగాడు. కంచం కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, థాంక్స్ చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా నేర్పాలని చూసిన మర్యాద ఒక్క రివాల్వరు నేర్పింది! ఏ తల్లికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ తర్వాతి శనివారం పనుందన్నాడు. ఆ తర్వాత బండికి టైరు బాగా లేదన్నాడు. మొన్న మాత్రం, నువ్వే టల్సా రారాదా, ఇక్కడ ఏదైనా హోటల్లో తిందాం, బ్యాగు కార్లోనే పెట్టి రా అన్నాడు. పార్కింగులో దొంగలుంటారు, బ్యాగు కార్లో ఎలా వదలను రా అన్నాను. సరేలే అమ్మా అన్నాడు.

కాబట్టి తల్లులారా, తటపటాయించకండి. రంగు మీ ఇష్టం, పిడి మీ ఇష్టం. పనితనం గురించి మాత్రం నా పూచీ. ఆ శనివారం ఆ రివాల్వరు బ్యాగులోంచి బయటికి వచ్చిన దగ్గర్నుంచీ, నాకు చెప్పకుండా ఒక్క మనిషి కూడా పెరటి తలుపు తోసుకుని లోపలికి రాలేదు.

అంతకుముందు అలా వచ్చేవాడు మా టక్కర్ ఒక్కడే.