తలకు లీటరు చీకటి

గుట్ట దగ్గర డేరా వేసుకుని ఒక రాత్రి గడపడానికి నరహరి కుటుంబానికి కావలసిన చీకటిని హైదరాబాదులోని చీకటి పంపిణీ కార్యాలయం మంగళవారం మంజూరు చేసింది. తలకు లీటరు చొప్పున నలుగురికి నాలుగు లీటర్లు. డబ్బా మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

మంజూరు కావడానికి మూడేళ్లు పట్టింది. దరఖాస్తులో తెలుగు పక్క ఎంత చీకటి కావాలో అడుగుతుంది, ఉర్దూ పక్క ఎందుకు కావాలో అడుగుతుంది. నరహరికి ఉర్దూ చదవడం రాదు, గుమాస్తా జహీర్ సాబ్‌కు తెలుగు చదవడం రాదు. కాబట్టి ప్రతి శనివారం ఇద్దరూ కౌంటరుకు అటూ ఇటూ కూర్చుని, ఎవరి పక్క వాళ్లు చదివి వినిపించుకుని, చాయ్ తాగి లేచేవారు. పాపం, ఇద్దరూ మంచివాళ్లే. చివరికి రెండు పక్కలూ ఇద్దరికీ కంఠతా వచ్చేశాక పని జరిగింది.

"గుట్ట కాడ చీకటి ఉండదా సాబ్?" అని నరహరి మొదటి రోజే అడిగాడు.

"ఉండె భాయ్. డేరాలేసుకునేటోళ్లు భయపడుతున్నరని లైట్లు పెట్టిన్రు," అన్నాడు జహీర్ సాబ్.

ఈ తంటా అంతా కూతురు చైత్ర కోసం. ఎనిమిదేళ్లొచ్చినా ఆ పిల్ల ఆకాశంలో ఒక్క చుక్కను చూడలేదు. బడిలో చుక్క బొమ్మ చక్కగానే వేస్తుంది గానీ, ఇంటికొచ్చి "అది నిజంగ ఉంటదా నాయినా?" అని అడుగుతుంది. అడిగినప్పుడల్లా నరహరికి ప్రాణం ఉసూరుమనేది.

మంగళవారం సాయంత్రం అతను పాత నూనె డబ్బాలో చీకటి నింపించుకుని, మూత బిగించి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. గడప దగ్గరే తల్లి లచ్చవ్వ అడ్డుపడింది.

"దీపం పెట్టే యాళ్లకు ఇంట్లకు చీకటి తెస్తరార ఎవలన్న? జర ఆగు!"

ఆమె మూత తీసి, లోపలికి దీపం చూపించి, దండం పెట్టుకుంది. అంతే, నాలుగు లీటర్లూ మాయం.

భార్య వసుంధర అప్పటికే సంచులు సర్దేసింది, పులిహోర కలిపేసింది. ఆమె నెత్తి కొట్టుకుంది. నరహరి గడప మీదే కూలబడి, సిగ్గు విడిచి ఏడ్చాడు. మళ్లీ మూడేళ్లంటే మాటలా!

"ఏడ్వకు నాయినా. నా తాన జర ఉంది," అంది చైత్ర. కళ్లు గట్టిగా మూసుకుంది. "ఇగో, చుక్కలు గూడ కనవడ్తున్నయ్!"

సంబరం పట్టలేక నరహరి మర్నాడు పొద్దున్నే వెళ్లి ఈ సంగతి జహీర్ సాబ్‌కు చెప్పేశాడు. ఆయన పకపకా నవ్వాడు. తరవాత నవ్వు ఆపి రిజిస్టరు తీశాడు.

"మంజూరు లేని చీకటి ఇంట్ల పెట్టుకునుడు తప్పు భాయ్. రాయకపోతే నా నౌకరీ పోతది."

నోటీసు రెండు భాషల్లోనూ వచ్చింది. ఈసారి రెండు పక్కలా ఒకే మాట ఉంది: కళ్లు మూసుకోరాదు. కొత్తలో కాస్త మంట పుట్టింది గానీ, నెల తిరిగేసరికి అందరికీ అలవాటైపోయింది. నలుగురూ మంచాల మీద వాలి, తలా ఒక ఫోను పట్టుకుని, తెల్లారేదాకా చూస్తుంటారు. చైత్ర చుక్కల సంగతి అడగడం మానేసింది.

నోటీసు తమ ఒక్కరికే వచ్చిందా అని నరహరి పక్కింట్లో కనుక్కున్నాడు.

"మాకేం రాలే అన్నా," అన్నారు వాళ్లు, ఫోనుల్లోంచి తలలెత్తకుండానే.