ఖాళీ డబ్బా తిరిగిస్తే నామోషీ

ఎనిమిదింటికి చెత్త బండి వచ్చేలోగా మూడు కేకులున్న సంచీని గుట్టుగా వీధిలో పెట్టేసి రావాలని కనకదుర్గ పొద్దున్నే నిశ్చయించుకుంది. 2003లో ఎడిన్‌బర్గ్‌కు వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ ఊళ్లో ఆమెను పేరుపెట్టి పిలిచే మనిషి పై ఫ్లాట్ మార్గరెట్ ఒక్కతే. ఆవిడ మనసు నొచ్చుకుందంటే ఇక గోడలతో మాట్లాడుకోవాల్సిందే.

తంటా అంతా మర్యాదతోనే వచ్చింది. మార్గరెట్ మొదటిసారి డబ్బాలో కేకు తెచ్చినప్పుడు, తమ ఇంట్లో గుడ్డు ముట్టమని చెప్పలేక, కనకదుర్గ "వెరీ నైస్" అంది. ఆ డబ్బా ఖాళీగా తిరిగివ్వడమా? బెజవాడలో పుట్టిన మనిషికి అంతకన్నా నామోషీ ఉందా? నిండా కొరివికారం, అదే పండుమిరపకాయల పచ్చడి, పెట్టి ఇచ్చింది. మార్గరెట్ కూడా "వెరీ నైస్" అని, పై నెల ఇంకా పెద్ద కేకు తెచ్చింది. అలా మూడు నెలలు గడిచాయి. తినని కేకులతో ఫ్రీజర్‌లో బఠాణీలకు చోటు లేకుండా పోయింది.

"నిజం చెప్పేయరాదూ?" అన్నాడు భర్త చలపతి.

"ఇన్నాళ్లు తిన్నామని చెప్పి, ఇప్పుడు తినలేదంటే నామోషీ కాదుటండీ?"

"నిజం చెప్పినా నీకు నామోషీయే, దొరికిపోయినా నామోషీయే. ఏది కాదో ఆ లిస్టు ఇవ్వు, ఫ్రిజ్ మీద అంటించుకుంటా."

కనకదుర్గ సంచీ పెట్టి వచ్చి కిటికీలోంచి చూసేసరికి, సీగల్ పక్షి ఒకటి దాన్ని చీల్చి కేకులను ఫుట్‌పాత్ మీదికి లాగేసింది. ఆమె చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. ఎదురుగా నైట్‌గౌను మీద కోటు వేసుకుని మార్గరెట్! చూసేసింది, అయిపోయింది అనుకుని కనకదుర్గ తల దించుకుంది.

మార్గరెట్ కేకుల వంక చూడటం లేదు. పక్కనే చినిగిన తన సంచీని కాళ్లతో కప్పుకోవాలని చూస్తోంది. అందులోంచి ఎర్రగా కొరివికారం కారుతోంది.

కోపం రావాల్సింది పోయి కనకదుర్గకు ప్రాణం లేచివచ్చింది.

"నా కడుపు కారానికి ఆగదు. చెప్పడానికి మొహం చెల్లలేదు," అంది మార్గరెట్ ఇంగ్లీషులో.

"మేం గుడ్డు తినం," అంది కనకదుర్గ తనకొచ్చిన ఇంగ్లీషులో. "దీన్ని మా వాళ్లు నామోషీ అంటారు. నలుగురిలో తలెత్తుకోలేకపోవడం."

"మా అమ్మ బ్లాక్ అఫ్రాంటెడ్ అనేది. సిగ్గుతో మొహం నల్లబడటం. ఆ మాటకు భయపడే మా ఇంట్లో ఎవరూ ఏదీ వద్దనలేదు."

"మా ఇంట్లోనూ అంతే."

ఇద్దరూ అక్కడే నిలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు. తర్వాత మార్గరెట్ మొహమాటంగా అడిగింది, "టీ తాగుతావు కదా? నిజం చెప్పు."

ఆ పూట టీని మాత్రం ఎవరూ పారబోయలేదు.