గోడలు లేని ఇంటికి తాళం

ఆ సోమవారం పొద్దున గిరిజమ్మ వేసుకున్న లెక్క చాలా సులువైనది. కొడుకు మంజునాథ్ మున్సిపాలిటీకి వెళ్లి ఇంటి పర్మిషన్ కాగితం తెస్తాడు, మధ్యాహ్నానికి జేసీబీ వచ్చి పునాది తవ్వుతుంది. అద్దె గదిని ఆర్నెల్లలో ఖాళీ చేయమని ఓనరు చెప్పి అప్పటికే వారమైంది.

కాగితం వచ్చింది గానీ అందులో పర్మిషన్ లేదు. "స్థలంలో ఇప్పటికే ఇల్లు ఉన్నది. ఖాళీ స్థలానికి ఇచ్చే అనుమతి దీనికి వర్తించదు" అని ఉంది.

"ఇల్లుంటే ఈ గదిల ఎందుకుంటమత్తమ్మా?" అంది కోడలు మమత.

కాగితంతో పాటు ఒక ఫోటో కూడా ఉంది. పసుపు, కుంకుమ, మామిడాకుల తోరణం, ఇంత పెద్ద తాళం కప్ప. గిరిజమ్మ పెట్టించిన దర్వాజే.

మూఢం వస్తే మూడు నెలల దాకా ముహూర్తాలు లేవని నెల కింద అయ్యగారు చెప్పాడు. మున్సిపాలిటీ కోసం ముహూర్తం ఆగదు కాబట్టి, వడ్ల చంద్రప్పతో టేకు దర్వాజ చేయించి, తలుపుతో సహా ఖాళీ ప్లాటులో నిలబెట్టించింది గిరిజమ్మ. టేకు కర్ర ఎవరన్నా ఎత్తుకుపోతారని తాళం కూడా వేసింది. చుట్టూ గోడ లేనప్పుడు తాళం ఎందుకని మమత అడిగితే, "తాళం జూస్తే దొంగకు జర భయముంటది" అంది.

దొంగ సంగతి తెలియదు గానీ, తనిఖీకి వచ్చిన మనిషికి భయం కాదు, నమ్మకం కలిగింది. తలుపు తట్టాడు. ఎవరూ తీయలేదు. ఇంట్లో ఎవరూ లేరని రాసుకుని, ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. తాళం వేసిన ఇంటి వెనక్కి వెళ్లి తొంగిచూడటం మర్యాద కాదు కదా.

పక్క గదిలో ఉండే అప్పారావు ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఫోటో చూసి చొక్కా చేతులు మడిచాడు. "మీరేం కంగారుపడకండి గిరిజమ్మగారూ. అప్పీలు నేను రాస్తానండీ. రెండు పేజీలు చాలు."

నాలుగు పేజీలు రాశాడు. ఉత్తరాలు పంపవలసిన చిరునామా దగ్గర ప్లాటు నంబరు వేశాడు.

"గదిది వెయ్యాలె గద సార్?" అన్నాడు మంజునాథ్.

"స్థలం మీదేనని వాళ్లకు తెలియాలి కదయ్యా."

పది రోజులకు ఆఫీసు నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం నేరుగా ప్లాటుకు వెళ్లింది. ముహూర్తం చేసిన గడపకు రోజూ పసుపు రాయడానికి వెళ్లే గిరిజమ్మ, సరిగ్గా ఆ వేళకు అక్కడే ఉంది. సంతకం పెట్టి తీసుకుంది.

"నువ్వెందుకు తీసుకున్నవే అవ్వా? ఇల్లు లేదని మనం మొత్తుకుంటుంటే, ఇంట్ల ఉత్తరం ముట్టినట్టయె," అన్నాడు మంజునాథ్.

"నా పేరు మీదొచ్చిన కాయితం వాపస్ పంపాల్నారా?"

గురువారం పదకొండు గంటలకు అధికారి వస్తారనీ, అప్పటిదాకా స్థలంలో ఏమీ మార్చకూడదనీ అందులో ఉంది. అధికారిని ఎండలో నిలబెడితే ఏం బాగుంటుందని అప్పారావు దర్వాజ వెనక షామియానా వేయించాడు. కుర్చీలు వచ్చాయి. టీకి గ్యాస్ పొయ్యి వచ్చింది. గిరిజమ్మ దర్వాజ ముందు ముగ్గు వేసింది.

గురువారం ఆ అధికారి, పద్మావతి మేడం, జీపు దిగి, ముగ్గు తొక్కకుండా నడిచి తలుపు తట్టింది.

"ఎవరూ? ఆగున్రి, వస్తున్న," అని వెనక నుంచి గిరిజమ్మ గొంతు వినిపించింది. పక్క నుంచి రమ్మని చెయ్యి ఊపితే సరిపోయేది. కానీ గడప ఉండగా పక్క నుంచి మనిషిని పిలవడానికి ఆమెకు మనసు రాలేదు. గడియ తీసింది. పసుపు గడప చూసి మేడం కూడా చెప్పులు బయట విడిచి, కుడికాలు లోపల పెట్టి వచ్చింది. కూర్చుంది. సగం టీ తాగాక, "ఇక ఇల్లు చూపించండమ్మా" అంది.

"ఇల్లు లేదు మేడం. అది జెప్పనీకే పిలిచినం," అన్నాడు మంజునాథ్.

మేడం చుట్టూ చూసింది. మూడు వైపులా కంది చేను. నవ్వు ఆపుకుంటూ ట్యాబ్ తెరిచింది. తెరిచాక నవ్వు పోయింది.

"మొదటి తనిఖీలో చూసినది ఇప్పుడు ఉందా, లేదా అని అడుగుతోందండీ. అప్పుడు చూసింది తలుపు. తలుపు ఉంది. ఉత్తరం ఇక్కడే అందినట్టుంది. నేనూ తలుపు తట్టే వచ్చాను. లేదని ఎలా రాయను?"

"పీకేస్తం మేడం."

"ఇల్లు తీసేయడానికి వేరే అనుమతి కావాలి బాబూ."

"ముహూర్తం దర్వాజ మీద చెయ్యేస్తే ఊకోను," అంది గిరిజమ్మ.

మేడం 'ఉంది' అని నొక్కింది. అప్పీలు పోయింది. అప్పారావు తన నాలుగు పేజీలనూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మమత కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగింది. ఇక మళ్లీ అద్దె గదుల వేటే అని అందరికీ అర్థమైంది. గిరిజమ్మ మాత్రం కదలలేదు.

"మీ రాతల నాకు ఇల్లున్నట్టే గద మేడం?"

"ఉన్నట్టేనమ్మా."

"ఉన్న ఇల్లు జర పాడైంది. బాగు జేసుకోనీకె పర్మిషన్ గావాల్నా?"

"మరమ్మతులకు అక్కర్లేదమ్మా. ఏం పాడైంది?"

"గోడల్లేవు. పైన కప్పు లేదు. దర్వాజ ఒక్కటే మంచిగుంది."

మేడం టీ గ్లాసు కింద పెట్టి, ట్యాబ్ వైపు ఒకసారి, తాను దాటి వచ్చిన గడప వైపు ఒకసారి చూసింది. తర్వాత సంచిలోంచి పెన్ను తీసింది. గోడలకూ, కప్పుకూ మరమ్మతులు చేసుకోవచ్చునని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చింది.

మరమ్మతులు అయిదు నెలల్లో పూర్తయ్యాయి.