కిర్బీ పేరున రాసిన పాసులు

ఆ ఉదయం కాఫీ తాగుతూ లైల్ హాస్టెట్లర్ ఒక నిర్ణయానికి వచ్చాడు. తన జట్టులో మేటి ఆటగాడు జమారియోని ఈసారి ఎవరికీ దక్కనివ్వకూడదు. ఇండియానాలో చిన్న కాలేజీకి బాస్కెట్‌బాల్ కోచ్ ఆయన. ప్రతి ఏప్రిల్‌లోనూ ఒకటే తంతు: ఈయన తీర్చిదిద్దిన కుర్రాణ్ణి పెద్ద కాలేజీల కూటమి వాళ్లు వచ్చి ఎగరేసుకుపోతారు. చెట్టు నాటేది ఒకడు, పండు కోసుకునేది ఇంకొకడు. వచ్చే ఏడాది జట్టు ఓడితే ఉద్యోగం ఊడుతుందని కాలేజీ వాళ్లు చెప్పేశారు కూడా.

పెద్దవాళ్లు ముందు ఆట చూడరు, అంకెలు చూస్తారు. ఆటలో ఎవరెన్ని పాయింట్లు కొట్టారో, ఎన్ని పాసులిచ్చి కొట్టించారో ఆ అంకెలు రాసేది బెర్నడీన్ క్రౌస్. చిన్నప్పుడు లైల్‌కి లెక్కలు చెప్పింది కూడా ఆవిడే.

"మేడమ్, జమారియో ఇచ్చే పాసుల్లో సగం కిర్బీ పేరున రాయరూ?"

"ముప్ఫయ్యేళ్లుగా ఒక్క అంకె తప్పు రాయలేదురా! సిగ్గులేదూ అడగడానికి?"

"వాడు వెళ్లిపోతే శనివారాలు మీరేం చూస్తారు?"

"మా ఆయన మొహం చూడాలి. సరే, రాస్తాలే."

అదే జట్టులో ఆడే కిర్బీ నేగల్ మంచివాడు. చేతికొచ్చిన బంతి జారిపోకపోతే అదే ఆ రోజుకి విశేషం. కానీ లెక్కల టీచరు సగమంటే సగమే రాసింది. జనవరికల్లా పాసుల్లో కిర్బీ తమ చిన్న కాలేజీల కూటమి మొత్తానికే మొదటివాడయ్యాడు. ఊళ్లో పళ్ల డాక్టరు తన బోర్డు మీద అభినందనలు రాయించాడు. ఫిబ్రవరిలో పెద్ద కూటమి నుంచి పేరుమోసిన కోచ్ స్వయంగా దిగాడు.

కిర్బీని ఆడించక తప్పలేదు. వాడు బెదిరిపోయి, బంతి అందడమే ఆలస్యం, నిప్పుకణిక పట్టుకున్నట్టు జమారియో మీదికి విసిరేశాడు.

"ఎంత నిస్వార్థం!" అని పెద్దాయన పొంగిపోయాడు. సీజను ముగియగానే, కిర్బీ తమవాడని టీవీలో ప్రకటించేశాడు. లైల్ ఇంట్లో తలుపులేసుకుని గంతులేశాడు.

మర్నాడే కిర్బీ వచ్చాడు. "కోచ్, ఆ పాసులు నావి కావు. మనసొప్పక ఆయనకి నిజం చెప్పేశాను. జమారియోవని."

లైల్ జిమ్‌కి పరుగెత్తాడు. జమారియో ఒక్కడే బంతి ఆడించుకుంటున్నాడు.

"నిన్ను పిలిచారా?"

"పొద్దున్నే పిలిచారు కోచ్. రానన్నాను. పోయిన ఏడాది నలుగురు పిలిచినా అదే చెప్పాను. మా అన్న పెద్ద కూటమికెళ్లి మూడేళ్లు బెంచీ మీద కూర్చుని తువ్వాళ్లు అందించాడు. నాకు ఆడాలనుంది."

"మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేంరా!"

"మీరు అడగలేదుగా."

లైల్ వాణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు. టీవీలో చెప్పాక వెనక్కి తగ్గితే పరువు తక్కువని పెద్దాయన కిర్బీని తీసుకునే వెళ్లాడు.

ఒక్క కుర్రాడు చోటు మారితే చిన్న కూటమికి ఆటా, పెద్ద కూటమికి కాగితం మీద అంకెలూ మెరుగుపడటం తన లెక్కల పుస్తకాల్లో ఎక్కడా లేదని బెర్నడీన్ అంది.